మౌఢ్యమిలో కొన్న ర్యామ్

ఆంజనేయులు గారికి కాదనడం చేతకాదు. అవుననడం కూడా అంతంతమాత్రమే. ఎవరేం అడిగినా "చూద్దామండి" అంటారు. ఆ ఒక్క మాటతోనే ఇరవై ఏడేళ్ళుగా ఊరి పౌరోహిత్యం నెట్టుకొస్తున్నారు. అంబాజీపేట దగ్గర పుట్టిన మనిషిని భీమవరం పక్కన ఈ రొయ్యల చెరువుల ఊరికి పిలిపించి, ఉండడానికి పెంకుటిల్లు చూపించింది ఊరి పెద్ద కృష్ణంరాజు గారి తండ్రి. ఆయన పోయారు. ఇల్లు మాత్రం ఇప్పటికీ రాజుగారిదే. అద్దె అడగరు. అడగరు కాబట్టే రాజుగారి ఎదుట ఆంజనేయులు గారు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోగా ఎవరూ చూడలేదు.

ఊళ్ళో ఏ ఇంట్లో వ్రతం జరిగినా సామాన్ల లిస్టు రాసిచ్చేది ఆయనే. అంత పెట్టుకోలేమండీ అని ఎవరైనా నసిగితే అదే కలంతో ఒక్కొక్కటీ కొట్టేసేది కూడా ఆయనే. "పట్టుబట్ట లేకపోతే ఏమైందమ్మా, ఆ చోట రెండక్షతలు వేసేద్దాం" అంటారు. దేవుడితో ఇంత సులువుగా బేరం కుదిర్చే మనిషి దొరకడం ఊరి అదృష్టం. అలాంటాయన చేతికి దసరా వెళ్ళిన మర్నాడు కూతురే ఒక లిస్టు తెచ్చిచ్చింది. అందులో ఆయనకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

కూతురి పేరు ఫణిశ్రీ. ఒక్కతే పిల్ల. భీమవరంలో ఇంజనీరింగు రెండో సంవత్సరం, రోజూ ఇంటి నుంచే వెళ్ళొస్తుంది. హాస్టల్లో ఉండే స్నేహితురాళ్ళ కంప్యూటర్ మీద ఏదో తుపాకుల ఆట ఆడడం మరిగింది. మరగడమంటే అలా ఇలా కాదు, అయిదుగురు ఆడపిల్లలు కలిసి ఒక టీం కట్టారు. నిడదవోలు అమ్మాయి ఉమాశ్రీ ఆ టీంకి కెప్టెన్. జనవరి ఆఖరి వారంలో పోటీ. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చుని ఆడాలట. నలుగురికీ ఉన్నాయి, ఫణిశ్రీకి లేదు.

"పురోహితుడి కూతురివి, తుపాకులు పేలుస్తానంటావేంటే?" అని తల్లి లలితాంబ గారు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆంజనేయులు గారు మాత్రం అంతకు ముందే కూతురి ఫోనులో ఆమె ఆడిన ఆట వీడియో ఒకటి చూశారు. తన వైపు వాళ్ళంతా పోయి ఫణిశ్రీ ఒక్కతే మిగిలింది, అవతల నలుగురు. గోడ వారన నక్కి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కణ్ణీ పడగొట్టుకుంటూ వచ్చింది. చూస్తున్నంతసేపూ ఆయన గాయత్రి జపిస్తూనే ఉన్నారు. నాలుగోవాడు పడిపోయాక పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకే కూతురు లిస్టు ఇచ్చినప్పుడు చూద్దామనలేదు. "కొందాం అమ్మా. కార్తీకం వెళ్ళనీ" అన్నారు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందంటే, అన్నాక ఆయనే ఆశ్చర్యపోయారు.

ఫణిశ్రీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని లిస్టంతా చదివి వినిపించింది. ప్రాసెసర్ అంటే బుర్ర. మదర్‌బోర్డు అంటే అన్నీ వచ్చి కూర్చునే పీట. ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపూ అన్నీ చేతికందేలా పరుచుకునే చోటు, అది ఎంత ఉంటే ఆట అంత తడబడకుండా సాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీస్తుంది, అన్నిటికంటే ఖరీదు దానిదే.

"మరి ఆ కార్డు లేకపోతే అక్షతలు వేసేస్తే సరిపోదా?" అన్నారు ఆంజనేయులు గారు.

"అక్షతలు వేస్తే ఆఫీసు కంప్యూటర్ అవుద్ది నాన్నా. ఆట ఆడదు" అని ఫణిశ్రీ పడీ పడీ నవ్వింది.

అంతా కలిపి అరవై నాలుగు వేల మూడు వందలు. కార్తీకమాసం పౌరోహిత్యానికి పండగ రోజులు. సత్యనారాయణ వ్రతాలు, రుద్రాభిషేకాలు, రోజుకు మూడేసి ఇళ్ళు. కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగి, నెలాఖరుకు అరవై అయిదు వేలు వేరుగా తీసి పెట్టారు. భీమవరం జువ్వలపాలెం రోడ్డులో సత్యప్రసాద్ అనే ఆయన కంప్యూటర్ షాపులో ఫణిశ్రీ ధరలన్నీ ముందే మాట్లాడి పెట్టుకుంది. ఇక వెళ్ళి తెచ్చుకోవడమే తరువాయి.

కార్తీకం వెళ్ళింది. మౌఢ్యమి రావడానికి మధ్యలో మిగిలింది ఆరంటే ఆరు రోజులు. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళిపోయి ఆకాశంలో కనబడకుండా పోయే రోజులను మౌఢ్యమి అంటారు. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, కొత్త బండి కూడా ఎవరూ కొనరు. ఈసారి అది మాఘ అమావాస్య దాకా, దగ్గర దగ్గర ఎనభై రోజులు. అందుకని పెళ్ళిళ్ళ వాళ్ళందరూ ఆ ఆరు రోజుల మీదే పడ్డారు. ఆంజనేయులు గారు నాలుగు పెళ్ళిళ్ళు, రెండు గృహప్రవేశాలు చేసి ఇంటికి చేరేసరికి గొంతు పోయింది. "నేనొక్కదాన్నే వెళ్ళి తెచ్చేసుకోనా నాన్నా?" అని ఫణిశ్రీ మధ్యలో ఒకసారి అడిగింది. "నీ మొదటి కంప్యూటర్, నేను లేకుండానా?" అన్నారాయన. ఆ ముచ్చట తీరకుండానే ఆరో రోజూ గడిచిపోయింది.

ఏడో రోజు పొద్దున ఆటో నడిపే వీరబాబు వచ్చాడు. పాత ఆటో పొగ కక్కుతోంది, ఎక్కేవాళ్ళు లేరు. కొత్తదానికి ఫైనాన్సు దొరికింది.

"ఈ వారంలో దింపేద్దామనుకుంటన్నానండి. మంచిరోజు చూడండి పంతులుగారూ."

"మౌఢ్యమి వచ్చేసింది వీరబాబూ. బండి కదా, ఆగితేనే మంచిది."

"ఎన్నాళ్ళండి?"

"మాఘమాసం వెళ్ళాక."

వీరబాబు తల గోక్కున్నాడు. మూడు నెలలు పొగ బండితో ఎలా నెట్టుకురావాలో అతనికి తెలియదు. అయినా "అలాగేనండి, మీ మాట కాదంటానా" అని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన దారి వైపే చూస్తూ ఆంజనేయులు గారు చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. కంప్యూటర్ బండి కాదు, ఇల్లు కాదు. రోజువారీ వాడుక సామాను కొనుక్కోవడానికి మౌఢ్యమి అడ్డం కాదని ఆయనకు నిక్షేపంగా తెలుసు. కానీ పేదవాడి నోటి దగ్గర కూడు ఆపి, అదే వారంలో తన గుమ్మం ముందు అంతంత అట్టపెట్టెలు దింపించుకుంటే ఊరేమంటుంది? అది వేరు, ఇది వేరు అని నలుగురికీ సర్ది చెప్పగలిగే మనిషైతే ఆయన ఆంజనేయులు గారు ఎందుకవుతారు. సాయంత్రం కూతురు రాగానే, "మౌఢ్యమి వెళ్ళేదాకా ఆగుదాం తల్లీ. ఇలాంటి వస్తువులు ఇప్పుడు కొనకూడదు" అన్నారు.

"పోటీ జనవరిలో కదా నాన్నా."

"శాస్త్రం అలా ఉంది. నేనేం చెయ్యను?"

ఫణిశ్రీ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత "సరే నాన్నా" అంది. శాస్త్రం విషయంలో నాన్న మాటకు ఊళ్ళో తిరుగులేదని చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగిన పిల్ల.

ఆగడం ఒక్కటే అయితే ఎలాగో గడిచేది. ఆ రోజుల్లోనే ర్యామ్ ధరలు పెరగడం మొదలైంది. ఎక్కడో పెద్ద పెద్ద కంపెనీలు కృత్రిమ మేధ కోసమని ఊళ్ళంత కంప్యూటర్లు పెట్టుకుంటున్నాయట, తయారైన ర్యామ్‌ని తయారైనట్టే ఎత్తుకుపోతున్నాయట. లిస్టు రాసిన రోజున పదహారు జీబీ ర్యామ్ నాలుగు వేల ఎనిమిది వందలు. మార్గశిరం సగానికి తొమ్మిది వేలు. పుష్యం వచ్చేసరికి పదమూడు. దాన్ని చూసి మిగతావీ కదిలాయి.

ఆంజనేయులు గారు ప్రతి సోమవారం సత్యప్రసాద్‌కి ఫోన్ చేసేవారు.

"ఈ వారం ఏమన్నా తగ్గిందాండి?"

"తగ్గడం మాట మర్చిపోండి పంతులుగారూ. పై నుంచే సరుకు రావట్లేదండి. ఉన్నప్పుడే తీసేసుకోండి."

"చూద్దామండి."

పోనీ అరువుకో, ముందు కొంత కట్టో సరుకు పట్టి ఉంచమందామంటే అదీ మౌఢ్యమిలో కొన్నట్టే అవుతుందేమోనని మళ్ళీ సందేహం. ఊరి వాళ్ళకు వంద సందులు చూపించే మనిషికి తన ఇంటి దగ్గరకొచ్చేసరికి ఒక్క సందు దొరకలేదు.

ఫణిశ్రీ లిస్టు ముందేసుకుని ఒక్కొక్కటే దిద్దేది. ముందు మానిటర్ కొట్టేసింది, ఇంట్లో పాత టీవీతో సర్దుకుంటానంది. తర్వాత అన్నీ బిగించే గాజు తలుపు క్యాబినెట్ పోయి రేకు డబ్బా వచ్చింది. తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగింది. ర్యామ్ పదహారు నుంచి ఎనిమిదికి తగ్గించబోయి, అంత తక్కువైతే ఆట ఆగిపోతుందని ఉమాశ్రీ చెప్పడంతో పదహారే ఉంచేసింది. ఊరందరి లిస్టుల్లోనూ చిరునవ్వుతో కొట్టేసే ఆంజనేయులు గారు కూతురి కలం కదిలినప్పుడల్లా పంచాంగం తెరిచి అందులోకి చూస్తూ కూర్చునేవారు. ఎన్నిసార్లు చూసినా శుక్రుడు ఒక్కరోజు ముందుగా బయటికి రాడు. పైగా పెళ్ళిళ్ళు లేని రోజులు. వేరుగా పెట్టిన డబ్బులోంచి ఇంటి ఖర్చుకి కొంత తియ్యాల్సి వచ్చింది. తీసిన సంగతి ఫణిశ్రీకి చెప్పకుండానే తెలిసిపోయింది, ఆ మర్నాడే ఆమె లిస్టులోంచి స్పీకర్లు పోయాయి.

జనవరి రెండో వారంలో ఒక ఆదివారం కృష్ణంరాజు గారు స్వయంగా వచ్చారు. ఆంజనేయులు గారు కంగారుగా కుర్చీ దులిపి వేశారు. లలితాంబ గారు కాఫీ కలిపి కూతురి చేతికిచ్చి పంపించారు.

"ఏం లేదండి పంతులుగారూ, మా మనవడు ప్రాణం తీసేస్తన్నాడండి. ఆటలాడుకునే కంప్యూటరంట. హైదరాబాదులో చెప్పేశానండి, లక్షా అరవై వేలంట. రేపు వచ్చేస్తదండి. ఇప్పుడు మా ఆవిడేమో మౌఢ్యమి, ఇంట్లోకి తేవద్దని కూర్చుందండి. మీరు పర్లేదంటే తెచ్చేసుకుంటాం, వద్దంటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనే పడుంటది. మీదే మాటండి."

రాజుగారు మీదే మాట అన్నారంటే ఆ మాట ఏదో ఆయనే నిర్ణయించుకుని వచ్చారని అర్థం. ఆంజనేయులు గారికి అది ఇరవై ఏడేళ్ళ అనుభవం. అందులోనూ అడిగినదానికి శాస్త్రంలో ఉన్న జవాబే చెప్పాలి, అబద్ధం అవసరమే లేదు.

"వాడుక సామానుకి మౌఢ్యమి పట్టింపు లేదండి రాజుగారూ. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, ఇలాంటివాటికే గానీ కంప్యూటర్‌కి దోషమేంటండి. నిరభ్యంతరంగా తెచ్చుకోండి" అన్నారు.

అంటూ తలెత్తారు. గడప దగ్గర ఫణిశ్రీ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

గ్లాసు రాజుగారి చేతికిచ్చింది. పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది. రాజుగారు తాగి, సంతోషించి, వెళ్ళిపోయారు. కారు మలుపు తిరిగేదాకా ఆంజనేయులు గారు గుమ్మంలోనే నిలబడి, అప్పుడు లోపలికి వచ్చారు.

"శాస్త్రంలో నిజంగా అలాగే ఉందా నాన్నా?" అని అడిగింది ఫణిశ్రీ. గొంతులో కోపం లేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే ఉంది.

"ఉందమ్మా."

"మొదట్నుంచీ?"

ఆంజనేయులు గారు రాజుగారు కూర్చున్న కుర్చీని మళ్ళీ దులపడం మొదలుపెట్టారు. వీరబాబు సంగతి, ఊరేమనుకుంటుందో అన్న సంగతి, రాజుగారి ఇల్లు సంగతి వీటిలో ఏది ముందు చెప్పాలో ఆయనకు తేలలేదు. ఫణిశ్రీ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా మామూలుగానే ఉంది. అన్నం తింది, చదువుకుంది. లిస్టు మాత్రం బయటికి తీయలేదు.

మర్నాడు ఆమె కాలేజీకి వెళ్ళాక ఆంజనేయులు గారు డబ్బు తీసి సంచిలో పెట్టుకున్నారు. మౌఢ్యమి గిఢ్యమి జాన్తానై అని కాదు, అంత తెగింపు ఆయన జాతకంలోనే లేదు. పోటీకి ఇంకా రెండు వారాలుంది. అన్నీ ఒకేసారి కాకపోయినా రోజురోజుకీ పెరుగుతున్న ఆ ర్యామ్ ఒక్కటీ ముందు పట్టుకొచ్చేస్తే, మిగతావి ఒక్కొక్కటే తేవచ్చని ఆయన ఆశ. చిన్న వస్తువు, సంచిలో పెట్టుకుంటే ఎవరికీ కనబడదు.

వీరబాబు ఆటో ఎక్కడానికి ముఖం చెల్లక బస్సెక్కారు. జువ్వలపాలెం రోడ్డులో దిగి సత్యప్రసాద్ షాపు దాకా నడిచారు. గుమ్మం ముందు తన చేతుల మీద పెళ్ళి జరిగిన కుర్రవాడొకడు బండి ఆపుకుని మాట్లాడుతున్నాడు. ఆంజనేయులు గారు తల దించుకుని ముందుకు నడిచిపోయారు. అలా నడిచి నడిచి రెండు వీధుల అవతల, తనను ఎరిగిన మొహం ఒక్కటీ లేని షాపులోకి దూరారు.

"పదహారు జీబీ ర్యామ్ కావాలండి."

"డీడీఆర్ ఫోరా, ఫైవా అండి?" అడిగాడు కౌంటర్లో మనిషి.

"అంటే?"

"నాలుగో రకమా, అయిదో రకమా అని. బోర్డును బట్టి ఉంటదండి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు."

ఆంజనేయులు గారు కళ్ళు మూసుకున్నారు. లిస్టు కూతురి పుస్తకంలో ఉంది. ఎన్నిసార్లు చూశారో, ర్యామ్ అన్న వరుసలో నాలుగు అంకె ఉన్నట్టు బాగా గుర్తు. మంత్రం తప్పు పోని బుర్ర అది.

"నాలుగండి."

"ఇంటికి ఫోన్ చేసి ఒకసారి కనుక్కోండి పోనీ. అమ్మింది వెనక్కి తీసుకోమండి."

క్లాసులో ఉంటుంది అనుకున్నారు. అడిగితే వద్దంటుందేమోనని కూడా అనుకున్నారు. "పర్లేదండి, నాలుగే" అన్నారు. ధర తొమ్మిదిన్నర వేలు. సత్యప్రసాద్ మొన్న పదహారు చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఒక పని కలిసొచ్చిందని ఆయన మనసు కుదుటపడింది. బస్సులో ఆ చిన్న పెట్టెను సంచిలో పైకీ కిందకీ మార్చి మార్చి పెట్టుకున్నారు.

సాయంత్రం ఫణిశ్రీ రాగానే ఆమె చేతిలో పెట్టారు. "తొమ్మిదిన్నరకే ఇచ్చాడమ్మా. వచ్చేవారం ఆ బోర్డు కూడా తెచ్చేస్తాను" అన్నారు.

ఫణిశ్రీ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది.

"సరిపోతుందా?" అన్నారాయన.

"సరిపోద్ది నాన్నా. బాగుంది" అని బీరువాలో తన బట్టల కింద జాగ్రత్తగా పెట్టుకుంది. తర్వాత చెప్పింది: "తొందరేం లేదు లెండి. నా బదులు వేరే అమ్మాయిని తీసుకోమని నిన్న సాయంత్రమే ఉమాశ్రీకి చెప్పేశాను. తాడేపల్లిగూడెం అమ్మాయంట, బాగా ఆడుద్దంట."

"ఇంకా రెండు వారాలుంది కదమ్మా."

"ప్రాక్టీసు చెయ్యాలి కదా నాన్నా వాళ్ళు. నా కోసం ఎన్నాళ్ళని ఆగుతారు?"

మర్నాడు ఫణిశ్రీ బస్సెక్కి వెళ్ళిపోయాక, ఆంజనేయులు గారు ఆమె బల్ల దగ్గరకు వెళ్ళారు. పోటీ పోతే పోయింది, కంప్యూటర్ అన్నా తెచ్చిపెడదామని తర్వాత కొనాల్సింది చూసుకోవడానికి పుస్తకంలోంచి లిస్టు తీశారు. కొట్టివేతలతో కాగితం గజిబిజిగా ఉంది. ర్యామ్ వరుస మాత్రం మొదట రాసింది రాసినట్టే ఉంది. ర్యామ్, పదహారు జీబీ, డీడీఆర్ 5. దాని పక్కన ధర, 4,800. ఆయనకు గుర్తున్న నాలుగు అదే.

బీరువా తెరిచి పెట్టె తీశారు. మీద పెద్ద అక్షరాలతో 4 అని ఉంది, కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తుంది. నిన్న ఫణిశ్రీ అంతసేపు చూసింది దాన్నే. చూసి, సరిపోద్ది నాన్నా, బాగుంది అంది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది ఆంజనేయులు గారికి. ఏం నాన్నా, ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయిందని కసురుకుని ఉంటే, మర్నాడే వెళ్ళి ఆ షాపువాడి కాళ్ళో వేళ్ళో పట్టుకునేవారు. వాడు కొడితే కొట్టించుకుందును అనుకున్నారు. అడిగితే తెచ్చిస్తాడనుకునే తండ్రి మీద పిల్లలు అలుగుతారు, పోట్లాడతారు. ఆ పిల్ల అలగలేదు. రాజుగారి ముందు తను మాట్లాడినంత మర్యాదగా తనతో మాట్లాడింది. పందొమ్మిదేళ్ళు పెంచుకున్న కూతురు నిన్న సాయంత్రం తనని వదిలేసుకున్నదని, ఆ సంగతి తనకు తెలియకూడదని అబద్ధం కూడా ఆడిందని ఆయనకు అప్పటికి తెలిసింది.

పెట్టెను ఎలా ఉన్నదాన్ని అలా బట్టల కింద పెట్టేశారు. లిస్టు మడతపెట్టి పుస్తకంలో పెట్టేశారు. సాయంత్రం ఫణిశ్రీ వచ్చి చెప్పులు విప్పుతుండగా, అంతా చెప్పేద్దామని లేచి ఎదురు వెళ్ళారు.

"ఏంటి నాన్నా?" అంది.

"ఏం లేదమ్మా" అన్నారు ఆంజనేయులు గారు.